పెరటి కబుర్లు: మేక ముట్టని పచ్చగోడ

ఈ దీపావళి సంచిక మీ చేతికి అందేసరికి ఎండ కాస్త మెత్తబడి ఉంటుంది. ఏసీల మోత తగ్గి, సాయంత్రం పూట తలుపు తీసి పెరట్లోకి అడుగు పెట్టగలిగే రోజులు వచ్చేశాయి. మనూళ్ళో తొలకరి ఎలాగో, ఇక్కడ తోటపనికి అక్టోబరు, నవంబరు నెలలు అలాగ.

గత సంచికలో కుండీల్లో కరివేపాకు గురించి చెప్పుకున్నాం. దాని మీద ఉత్తరాలు వచ్చాయి కానీ, అంతకంటే ఎక్కువ ఉత్తరాలు ఇంకో ప్రశ్న మీద వచ్చాయి. "మా విల్లా వెనక ఇనుప వల కంచె ఉంది. బయటికి అంతా కనిపిస్తోంది. ఏడాది పొడవునా ఆకు రాలకుండా, గుబురుగా పెరిగే మొక్కలు చెప్పండి" అని. ఒకరికి గోడ నీడ పడుతోందట. ఒకరికి పక్కింటి చెట్ల నీడ. జుబైల్ శివార్లలో ఉండే ఒక సోదరి మాత్రం, "అన్నీ బాగానే ఉన్నాయి గానీ మేకలతో వేగలేకపోతున్నానండీ" అని రాశారు. ఆ మాట చదివి నవ్వొచ్చింది. తర్వాత పాత సంగతులన్నీ గుర్తొచ్చి నవ్వు ఆగిపోయింది. అందుకే ఈసారి ఆ కథంతా చెప్పేస్తాను. అందులోనే మీ ప్రశ్నకు జవాబు కూడా ఉంది.

జింకల బాధ, మేకల బాధ

మా చెల్లెలు న్యూజెర్సీలో ఉంటుంది. ఫోను చేసినప్పుడల్లా జింకల మీద ఫిర్యాదే. రాత్రికి రాత్రి వచ్చి కంచె పక్కన పెట్టిన మొక్కల్ని నడుం ఎత్తు దాకా గొరిగేసి పోతాయట. నర్సరీకి వెళ్తే వాళ్ళు అడిగే మొదటి రెండు ప్రశ్నలు: "నీడా, ఎండా? జింకలు వస్తాయా?" అక్కడి వాళ్ళకు బాక్స్‌వుడ్, హాలీ లాంటివి ఉన్నాయి. నీడను ఓర్చుకుంటాయి, జింకలు వాటి జోలికి తక్కువ వస్తాయి. కానీ అవి చల్లని దేశాల మొక్కలు, మన వేసవికి తట్టుకోవు. పేర్లు పనికిరావు గానీ, ఆ రెండు ప్రశ్నలు మాత్రం ఇక్కడా పనికొస్తాయి. జింక బదులు మేక అనుకుంటే సరి. ఎత్తైన మొక్కలైతే ఒంటె కూడా అనుకోవాలి.

నేను మూడో ప్రశ్న ఒకటి కలుపుతాను. "ఇంట్లో చిన్నపిల్లలు ఉన్నారా?" ఆ మూడో ప్రశ్న నేను చాలా ఆలస్యంగా నేర్చుకున్నాను.

మా హుఫూఫ్ ఇల్లు

పదిహేనేళ్ళ కిందట మా వారి ఉద్యోగరీత్యా అల్ అహ్సాలో, హుఫూఫ్ ఊరి చివర ఒక అద్దె ఇంట్లో ఉండేవాళ్ళం. అల్ అహ్సా అంటే ఖర్జూరం చెట్ల సముద్రం. ఇరవై అయిదు లక్షల ఖర్జూరాలున్న ఆ ఒయాసిస్సును 2018లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. మా ఇంటికి మూడు వైపులా గోడ, వెనక వైపు మాత్రం ఇనుప వల. వల అవతల ఒక పెద్దాయన ఖర్జూర తోట. తోటలో పది, పన్నెండు మేకలు.

ఈ దేశంలో ఇంటికి మరుగు అన్నది సోకు కాదు, మర్యాద. తోటలో పనివాళ్ళు తిరుగుతుంటే నేను బట్టలు ఆరేయడానికి మొహమాటపడేదాన్ని. నేను కనబడితే వాళ్ళే తల తిప్పుకుని వెళ్ళిపోయేవారు. రెండు వైపులా ఇబ్బందే. "ఒక కంచె మొక్క పెట్టుకుందాం" అన్నారు మా వారు.

నర్సరీకి వెళ్ళి "తొందరగా పెరిగేది ఇవ్వండి" అన్నాం. మనం చేసే మొదటి తప్పు అదే. అందరం రెండేళ్ళ కాంట్రాక్టు మీద వచ్చినవాళ్ళమే. ఇకామా ఎన్నాళ్ళుంటుందో, ఎగ్జిట్ ఎప్పుడొస్తుందో తెలియదు. కాబట్టి ఆరు నెలల్లో గోడ లేవాలి! అలా అడిగినవాళ్ళకు నర్సరీవాళ్ళు చూపించేది ఒకటే మొక్క: కోనోకార్పస్. ఇరవై మొక్కలు తెచ్చి వరసగా నాటాం.

మొదటి పదిహేను రోజులు మొక్కలు పెరిగాయి. తర్వాత మేకలు పెరిగాయి. వలలోంచి మూతి పెట్టి అందినంత మేర, ఆ పైన ముందు కాళ్ళు వల మీద వేసి నిలబడి అందినంత మేర ఆకంతా నున్నగా తినేశాయి. ఖర్జూరాల నీడ పడే చోట ఉన్నవి ఎలాగూ సరిగ్గా ఎదగలేదు. కోనోకార్పస్‌కు ఎండ కావాలి, నీడలో కింది కొమ్మలు బోసిపోతాయి. చివరికి ఎండ పడే మూలన నాలుగే మిగిలాయి. ఆ నాలుగూ రెండో ఏడు స్నానాల గది నీళ్ళు పోయే పైపులోకి వేళ్ళు జొనిపి దాన్ని పూడ్చేశాయి. ఇంటి యజమాని మంచివాడు కాబట్టి నవ్వి ఊరుకున్నాడు. కంచే చేను మేసిందంటే ఏమిటో నాకు ఆ రోజు అర్థమైంది.

ఈ కోనోకార్పస్ కథ మన ఒక్కరిదే కాదు. సోమాలియా, జిబూటి, యెమెన్ ప్రాంతాల రకం ఒకటి, అమెరికా ఖండపు తీరాల రకం ఇంకొకటి గల్ఫ్ అంతటా పాకాయి. ఉప్పు నీటికి, వేడికి తట్టుకుంటుంది, కత్తిరిస్తే గోడలా నిలబడుతుంది, అందుకని. మన తెలంగాణలోనూ 2015లో మొదలైన హరితహారంలో రోడ్ల పక్కన విరివిగా నాటారు, తర్వాత వద్దనుకున్నారు. గుజరాత్ ప్రభుత్వం 2023లో, తమిళనాడు ప్రభుత్వం 2025లో దీన్ని నాటడం మానుకోమన్నాయి. విశాలమైన ఎడారి అంచున, పైపులకు దూరంగా దానికి చోటుండవచ్చు. ఇంటి గోడ పక్కన మాత్రం వద్దు.

రెండో తప్పు

ఈసారి తెలివి తెచ్చుకున్నాం అనుకున్నాం. మేక తినని మొక్క ఏదా అని చూస్తే ఎదురుగానే ఉంది. రోడ్ల మధ్య డివైడర్ల మీద గులాబి రంగులో, తెలుపులో పూసే గన్నేరు. అరబ్బీలో దిఫ్లా అంటారు. ఎండకూ నీళ్ళ ఎద్దడికీ జంకదు, కొద్దిపాటి నీడకూ ఓరుస్తుంది, కాకపోతే పూలు తగ్గుతాయి. మనకేమీ కొత్త కాదు, గుడి పూలే కదా! కోనోకార్పస్ తీసేసి గన్నేరు పెట్టాం.

మేకలు వచ్చి వాసన చూశాయి, తల విదిల్చాయి, వెళ్ళిపోయాయి. ఏడాదిన్నరకు ఛాతీ ఎత్తు కంచె. మా వారు ఫోటోలు తీసి ఊరికి పంపారు.

ఒక శుక్రవారం దమ్మాం నుంచి మన తెలుగు కుటుంబం ఒకటి భోజనానికి వచ్చింది. మా అమ్మాయికి అయిదేళ్ళు, వాళ్ళ అబ్బాయికి నాలుగు. పెద్దవాళ్ళం లోపల కబుర్లలో ఉన్నాం. పిల్లలిద్దరూ పెరట్లో వంటాట ఆడుతున్నారు. కాసేపటికి మా అమ్మాయి వచ్చి, "అమ్మా, నేను కరివేపాకు రసం పెట్టాను. తమ్ముడికి నచ్చలేదట, చేదుగా ఉందట" అంది.

లేచి పరుగెత్తాను. ప్లాస్టిక్ గిన్నెలో నీళ్ళు, అందులో నలిపిన గన్నేరు ఆకులు. బాబు రెండు గుక్కలు తాగాడు.

అయిదు నిమిషాల్లో కారులో ఉన్నాం. దారిలో వాడు రెండుసార్లు వాంతి చేసుకున్నాడు. నేను చేసిన ఒకే ఒక్క మంచి పని, ఆ కొమ్మ ఒకటి విరిచి సంచిలో వేసుకుని తీసుకెళ్ళడం. ఆకు చూడగానే డాక్టరు మొహం మారింది. గన్నేరులో ఉండే విషం నేరుగా గుండె లయను దెబ్బతీస్తుంది. రాత్రంతా మానిటర్ పెట్టి చూశారు. తెల్లవారాక "ఏమీ లేదు, తీసుకెళ్ళండి" అన్నారు. ఆ తల్లి నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అన్నా బాగుండేది.

గుడి పూలు అని ముచ్చటపడ్డ నాకు గన్నేరు పప్పు అన్న మాట ఎందుకు గుర్తు రాలేదో ఇప్పటికీ తెలియదు. ఎర్ర గన్నేరైనా, పచ్చ గన్నేరైనా ఆకు, పువ్వు, గింజ, వేరు అన్నీ విషమే. ఎండినా విషం పోదు, కాల్చితే పొగ కూడా మంచిది కాదు. ఇంకొకటి చెప్పాలి. నీలం పూలు, పసుపుపచ్చ ముత్యాల్లాంటి కాయలు కాసే డ్యురాంటా కూడా ఇక్కడ కంచెలకు వాడతారు. ఆ కాయలు పిల్లలకు ప్రమాదం. మీ ఇంట్లో పసివాళ్ళుంటే ఈ రెండూ వద్దు. అనుకోనిది జరిగితే రెడ్ క్రెసెంట్ అంబులెన్సుకు 997, ఆరోగ్యశాఖ సలహాకు 937. ఈ రెండు నంబర్లూ ఫ్రిజ్ మీద రాసి పెట్టుకోండి. ఆకు ముక్క ఒకటి వెంట తీసుకెళ్ళడం మరిచిపోకండి.

పెద్దాయన మాట

మర్నాడే గన్నేరు మొత్తం పీకించాం. చేతులకు తొడుగులు వేసుకుని, ముక్కలన్నీ సంచుల్లో కట్టి చెత్త బండికి ఇచ్చాం. అది చూసి తోట పెద్దాయన వల దగ్గరకు వచ్చారు. రెండేళ్ళలో ఆయన మాతో మాట్లాడడం అదే మొదటిసారి. ఆయన కొడుకు ఇంగ్లీషులో చెప్పాడు: "మీరు దిఫ్లా పెట్టినప్పుడు, మా మేకల్ని చంపడానికి పెట్టారని నాన్న అనుకున్నారు."

నాకు నోట మాట రాలేదు. పచ్చి ఆకు మేకకు చేదు, ముట్టదు. కానీ కత్తిరించి పడేసిన ఆకు వాడిపోయాక పశువులు తింటాయి, చచ్చిపోతాయి. మేము కత్తిరించిన కొమ్మలు కొన్ని వల అవతల పడితే ఆయన రోజూ ఏరించి పారేయించారట. ఒక్కనాడూ మా గుమ్మం తొక్కి గొడవ పెట్టుకోలేదు. మేము మా మరుగు గురించి ఆలోచించాం గానీ, కంచెకు రెండో వైపు ఉందని ఆలోచించలేదు.

ఆ రోజు టీ ఇచ్చాం. ఆయన ఒక బుట్టెడు ఖలాస్ ఖర్జూరాలు పంపారు. ఆ తర్వాతే అసలైన కంచె మొదలైంది.

ముందు నీడను కొలవండి

ఇక పనిలోకి వద్దాం. "మా ఇంట్లో నీడ" అంటారు అందరూ. ఏ నీడ, ఎప్పటి నీడ అన్నది ముఖ్యం. దమ్మాం, హుఫూఫ్ ప్రాంతంలో 2 మీటర్ల గోడకు ఉత్తరం వైపు డిసెంబరు నెల మిట్టమధ్యాహ్నం రెండుంపావు మీటర్ల పొడవు నీడ పడుతుంది. అదే గోడకు జూన్ మధ్యాహ్నం జానెడు నీడ కూడా ఉండదు. అంటే గోడకు ఉత్తరాన నాటిన మొక్క చలికాలమంతా నీడలో ఉండి, వేసవిలో నిప్పుల కొలిమిలో నిలబడాలి. నీడ మొక్క అని లేత ఆకుల మొక్కలు తెచ్చి పెడితే జూన్‌లో మాడిపోయేది ఇందుకే. ఇక్కడి నీడ మొక్క ఎండనూ ఓర్చాలి.

చెట్ల నీడ వేరు. ఖర్జూరం కింద నీడ పలుచగా ఉంటుంది, గాలికి కదులుతూ ఉంటుంది. ఒయాసిస్సు రైతులు అనాదిగా ఖర్జూరం కింద పండ్ల చెట్లు, వాటి కింద కూరలు, పశుగ్రాసం పండించేది ఆ పలుచని నీడ దయవల్లే. అది కంచె మొక్కకు చాలా మంచిది.

కొలవడానికి పరికరాలేమీ అక్కర్లేదు. మధ్యాహ్నం 12 గంటలకు నాటబోయే చోట నేలకు అడుగు ఎత్తున అరచెయ్యి పెట్టండి. వేళ్ళ నీడ స్పష్టంగా విడివిడిగా కనబడితే ఎండ చోటు. మసకగా చెయ్యి ఆకారం మాత్రమే కనబడితే ఓ మోస్తరు నీడ. అసలు ఏమీ కనబడకపోతే చిక్కటి నీడ. చిక్కటి నీడలో ఏ కంచె మొక్కా గుబురుగా రాదు. అక్కడ ఖర్జూరపాకు తడికె కట్టుకోవడమే మేలు. డబ్బూ, దిగులూ రెండూ మిగులుతాయి.

మేకకు ఏది గిట్టదు?

మేకను ఆపేవి మూడే: చేదు, ఘాటు, ముల్లు. మన పల్లెల్లో పొలం గట్ల మీద అడ్డసరం ఎందుకు పెంచేవారో గుర్తుందా? దగ్గుకు కషాయం కాచుకునేది అదే. నీడలోనూ పచ్చగా ఉంటుంది, మేక ముట్టదు. దాని శాస్త్రీయ నామంలోని అధాతోడ అన్న మాట తమిళం నుంచి వచ్చిందే. ఆడు అంటే మేక. మేక తొడనిది, అంటే ముట్టనిది అని అర్థం. మన పెద్దలు మొక్క పేరులోనే సలహా రాసి పెట్టారన్నమాట. అలాగని ఊరి నుంచి సూట్‌కేసులో మొక్క తెచ్చుకోవద్దు. అనుమతి పత్రాలు లేకుండా మొక్కలు తేవడం నిషేధం, పురుగులూ తెగుళ్ళూ వెంట వస్తాయి. ఇక్కడ దొరికేవాటిలోనే ఎంచుకుందాం.

మొదటిది క్లెరోడెండ్రమ్. గల్ఫ్ నర్సరీల్లో యాస్మీన్ జఫర్ అంటే ఇస్తారు. పేరులో మల్లె ఉన్నా మల్లె కాదు. మన కోస్తా జిల్లాల్లో ఉప్పుటేర్ల గట్ల మీద పెరిగే పిసింగి మొక్క ఇదే. ముదురాకుపచ్చ నున్నటి ఆకు, తెల్లని పూలు, పూవులోంచి పొడుగ్గా బయటికి వచ్చే ఊదా కేసరాలు. ఉప్పు నీటికి, వేసవి ఎండకు, ఓ మోస్తరు నీడకు తట్టుకుంటుంది. కత్తిరించే కొద్దీ గుబురవుతుంది, 2 మీటర్ల ఎత్తుకు సులువుగా వస్తుంది. ఆకు బాగా చేదు, నలిపితే వెగటు వాసన. ఇది కూడా తినే ఆకు కాదని పిల్లలకు చెప్పి ఉంచండి. మా కంచెలో ముప్పావు వంతు ఇదే.

రెండోది నేటాల్ ప్లమ్. మన వాక్కాయకు దక్షిణాఫ్రికా అక్క అనుకోండి. మందపాటి ఆకు, నక్షత్రాల్లాంటి తెల్లని సువాసన పూలు, రెండుగా చీలిన గట్టి ముళ్ళు. ఉప్పు గాలికి, కొద్దిపాటి నీడకు ఓరుస్తుంది. బాగా ఎర్రగా పండిన పండు తినవచ్చు, పచ్చడీ చేసుకోవచ్చు. పచ్చికాయ, ఆకు, పాలు మాత్రం తినకూడదు. మేక దూరే మూలల్లో ఇది పెట్టండి. పిల్లలు సైకిలు తొక్కే దారి పక్కన పెట్టకండి.

మూడోది డొడోనియా. తెలుగులో బందారు అంటారు. అబహా చుట్టూ అసీర్ కొండల్లో దానంతట అదే పెరిగే ఈ దేశపు మొక్క. ఆకు జిగురుగా, చేదుగా ఉంటుంది, మేకలకు అంత ఇష్టముండదు. నీళ్ళు తక్కువ చాలు. కానీ దీనికి ఎండ కావాలి. కంచెలో సగం ఎండ, సగం నీడ ఉంటే ఎండ వైపు ఇది, నీడ వైపు క్లెరోడెండ్రమ్ పెట్టండి. ఒకే రకం వరసగా పెడితే ఒక తెగులుకు వరసంతా పోతుంది. రెండు, మూడు రకాలు కలిపితే ఆ భయం ఉండదు.

ఒక్క మాట. మేక ముట్టని మొక్క అన్నాను గానీ, ఆకలేసిన మేక దేన్నైనా ఒకసారి రుచి చూస్తుంది. లేత మొక్క ఆ ఒక్క రుచికే పోతుంది. మొదటి ఏడాది కంచెకు, మొక్కకు మధ్య సన్నకన్నాల వల ఒకటి కట్టండి. మొక్క ముదిరాక తీసేయవచ్చు.

నాటే పద్ధతి

అద్దె ఇల్లైతే ముందు యజమానిని అడగండి, పైపులు ఎటు పోతున్నాయో తెలుసుకోండి. కాంపౌండులో ఉంటే ఆఫీసువాళ్ళను అడగండి. ఇప్పటి నుంచి నవంబరు చివరి దాకా నాటడానికి మంచి సమయం. కుదరకపోతే ఫిబ్రవరి. మే నుంచి సెప్టెంబరు వరకు ఆ ఆలోచనే వద్దు.

గోడకు ముప్పావు మీటరు దూరంలో, మొక్కకూ మొక్కకూ మధ్య అంతే దూరం. 10 మీటర్ల కంచెకు 13, 14 మొక్కలు చాలు. దగ్గరగా పెడితే త్వరగా కలుస్తాయి నిజమే, కానీ వేళ్ళు పోట్లాడుకుని మూడో ఏటికి కిందంతా బోసిపోతుంది. రెండు జానల లోతు, రెండు జానల వెడల్పు గుంట తీసి, ఇసుకలో మూడో వంతు మాగిన ఎరువు కలపండి. పచ్చి పేడ వేస్తే వేరు మాడుతుంది.

మొదటి నెల రోజూ నీళ్ళు. తర్వాత రోజు విడిచి రోజు, ఆ తర్వాత వారానికి రెండుసార్లు, కానీ లోతుగా. రోజూ కొంచెం కొంచెం చిలకరిస్తే వేరు పైపైనే ఉండిపోతుంది, ఉప్పు పేరుకుంటుంది. నెలకోసారి గుంట నిండా నీళ్ళు పెట్టి ఉప్పును కిందికి దింపండి. మొదళ్ళ చుట్టూ ఎండు ఖర్జూరపాకు ముక్కలు పరిస్తే తడి నిలుస్తుంది.

కత్తిరింపులో ఒకటే సూత్రం. కింద వెడల్పు, పైన సన్నం. మన ధాన్యపు కుప్పలాగ. పైన వెడల్పయితే కింది ఆకులకు వెలుతురు అందదు. నీడలో పెరిగే కంచెకు ఇది మరీ ముఖ్యం. మొక్క మోకాలెత్తు రాగానే చివర్లు తుంచండి. మనసొప్పదు, తెలుసు. తుంచితేనే పక్క కొమ్మలు వస్తాయి.

పిల్లలూ, ఇది మీ కోసం

సౌదీలో జింకలు ఉన్నాయా? ఉన్నాయి. మీ క్లాసులో రీమ్ అనే అమ్మాయి ఉందా? రీమ్ అంటే ఇసుక రంగులో ఉండే ఇక్కడి ఎడారి జింక. తాయిఫ్‌కు ఈశాన్యంగా మహజత్ అస్ సైద్ అనే చోట సుమారు 2,200 చదరపు కిలోమీటర్ల ఎడారి చుట్టూ పెద్ద కంచె కట్టారు. ఎందుకో తెలుసా? లోపలి జంతువులను కాపాడడానికి, బయటి మేకలు, ఒంటెలు లోపలికి రాకుండా ఉండడానికి. మేత ఆగేసరికి గడ్డి, పొదలు మళ్ళీ పెరిగాయి. అడవిలో పూర్తిగా మాయమైపోయిన అరేబియన్ ఓరిక్స్‌ను 1990లో అక్కడ తిరిగి వదిలారు. మీ ఇంటి కంచె కూడా అలాంటిదే, కాస్త చిన్నది.

ఇప్పుడొక ఆట. పెరట్లో ఒక కర్ర నిటారుగా పాతండి. నెలకొక శుక్రవారం మధ్యాహ్నం దాని నీడ కొలిచి నోటుబుక్కులో రాయండి. డిసెంబరులో ఎంత, జూన్‌లో ఎంత? హైదరాబాదులో మే 9, ఆగస్టు 3 ప్రాంతాల్లో సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వచ్చి కర్ర నీడ మాయమవుతుంది. మక్కాలో మే చివర, జూలై మధ్యలో అలా జరుగుతుంది. దమ్మాంలో, రియాద్‌లో ఎప్పటికీ జరగదు. ఎందుకో మీ సైన్సు టీచరును అడిగి నాకు రాయండి. మంచి జవాబులు వచ్చే సంచికలో వేస్తాం.

ఇంకో మాట. వంటాట ఆడుకోండి, కానీ ఆకులు అమ్మను అడిగి తీసుకోండి. రసం పెట్టినా తాగినట్టు నటించండి, తాగకండి.

చివరిగా

మా మూడో కంచె తలెత్తు రావడానికి రెండున్నరేళ్ళు పట్టింది. నిండా పెరిగాక ఒక్క చలికాలం దాని పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాం, అంతే. మా వారికి జుబైల్‌కు బదిలీ అయింది. "మనం అనుభవించేదానికి ఇంత శ్రమా" అని అప్పట్లో కాస్త బాధపడ్డాను. తొందరగా పెరిగేది పెట్టి వచ్చే అద్దెవాళ్ళకు పూడిన పైపు, విషపు ఆకు వదిలి రాలేదు కదా అని ఇప్పుడు అనుకుంటాను. రసం తాగిన ఆ బాబు ఇప్పుడు ఇంజనీరింగ్ చదువుతున్నాడు. కనబడినప్పుడల్లా "ఆంటీ, రసం ఉందా?" అని ఏడిపిస్తాడు.

పోయిన ఏడు హుఫూఫ్ మీదుగా వెళ్తూ ఆ వీధిలోకి తిరిగాం. తోట వైపు నుంచి చూశాం. కంచె ఉంది, తెల్లగా పూసి ఉంది. ఇవతల మేకలు దాన్ని పట్టించుకోకుండా నెమరు వేస్తున్నాయి. అవతల పిల్లల నవ్వులు వినిపించాయి. ఏ దేశంవాళ్ళో, ఎందరో, ఏమీ కనబడలేదు. కనబడకపోవడమే కదా మనకు కావలసింది.

మీ కంచె కబుర్లు, ఫోటోలు పంపండి. వచ్చే సంచికలో మనందరికీ ప్రాణమైన గోంగూర. సౌదీ ఇసుకలో పుల్లగా పండించడం ఎలాగో చెప్పుకుందాం. అంతవరకు సెలవు.